వదిలేయడానికి కారణం

ఫిబ్రవరి 3

ఈ డైరీలో ఉద్యోగం సంగతులు మాత్రమే రాయాలి. వేరే సంగతులు రాయకూడదు. ఇది నాకు నేను పెట్టుకున్న రూలు.

తిరుచానూరు రోడ్డులో ఈ కొత్త హాస్టల్‌కు మారి నెల దాటింది. పాత హాస్టల్లో నీళ్లు ఉప్పగా ఉండేవి, అందుకే మారాను. సిమ్ కూడా మార్చాను. లోన్ల వాళ్ల ఫోన్లు ఎక్కువైపోయాయి, అందుకే.

ఇవాళ బస్టాండు ఎదుటి సందులో పద్మనాభ్ గారి డీటీపీ సెంటర్‌కు వెళ్లి సి.వి. చేయించుకున్నాను. నుదుట నిలువు నామం, చెవిలో పెన్ను, కళ్లు వీధిలో, వేళ్లు కీబోర్డు మీద. నేను నోరు తెరవకముందే సగం కొట్టేశాడు.

"పేరు సెప్పమ్మా."

"గ్రేసీ."

"నాయన పేరు?"

"రాజారత్నం. బంగారుపాళ్యం."

"ఎత్తు? రంగు?"

"రంగెందుకు సార్?"

ఆయన స్క్రీను మీదికి వంగి చూసి నాలుక కరుచుకున్నాడు. "పెండ్లి బయోడేటా ఫైలమ్మా ఇది. పొద్దున ఎవరికో చేసినాను. ఏముండాది, రెండూ ఒకటే కదా. పైన పువ్వుల బార్డరు తీసేస్తే ఉద్యోగానికి, పెడితే పెండ్లికి."

పక్కన జిరాక్సు కోసం నిలబడినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కెరీర్ ఆబ్జెక్టివ్ నన్ను అడగలేదు. "సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను సంస్థ అభివృద్ధికి అంకితం చేయుట" అని ముందే ఉంది. ఊళ్లో అందరి ఆశయమూ అదేనట.

"ఎక్స్‌పీరియన్సు?"

"లేదు."

"మైక్రోబయాలజీ డిగ్రీ అయ్యి మూడేండ్లాయె. ఈ మూడేండ్లు ఏం చేసినావు?"

"ఇంట్లో ఉన్నాను సార్."

ఆయన అనుమానించలేదు. ఆడపిల్ల ఇంట్లో ఉందంటే ఎవరూ ఎందుకని అడగరు. ఆ గడి ఖాళీగా వదిలి, కింద పైన పేర్కొన్నవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రకటన కొట్టి, సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

ఫిబ్రవరి 9

పంపినవాటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మంచిదే. తొందరేముంది.

ఫిబ్రవరి 14

నా రూమ్మేట్ పల్లవిది నగరి. ఇంట్లో అందరూ మగ్గాల మనుషులు. ఇది మాత్రం ఎం.బి.ఏ. చేసి, కంపెనీలకు మనుషుల్ని వెదికిపెట్టే ఆఫీసులో చేరింది. రోజంతా సి.వి.లు చూడటమే దాని పని. ఇవాళ మంచం మీద పడి ఉన్న నా కాగితం తీసి చదివింది. చదివిందని కూడా అనలేను. ఒకసారి పైనుంచి కిందికి చూసి, పక్కన పెట్టింది.

"అంతేనా?" అన్నాను.

"ఆఫీసులో అయితే ఇంత సేపు కూడా చూడను. ఇది చదివితే నువ్వు బతికుండావా లేదా అని డౌటు వస్తాది నాకు. నాయన పేరు ఉండాది, పుట్టిన తేదీ ఉండాది, మతం ఉండాది, పెండ్లి కాలేదని ఉండాది. నీకు ఏం పని వస్తాదో మాత్రం యాడా లేదు."

"నాకేం పని రాదు."

"అబద్ధాలు సెప్పబాక. మొన్న అంగట్లో నేను పైనాపిల్ డబ్బా కొంటే, నువ్వు మూత మీద వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇది వద్దు చెడిపోయిందని తిరిగి ఇప్పించినావు. అంగడాయన నోరు తెరిచినాడు. ఇంట్లో కూచున్నోళ్లకు అది ఎట్ల వస్తాదే?"

దాని ముందు నేను ఏదీ దాచలేను. ఒకటి తప్ప. చెప్పాను: బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రెండు సీజన్లు లాబ్‌లో చేశానని.

పల్లవి మంచం మీద లేచి కూర్చుంది. "మరి రాయవేందే పిచ్చిమొహమా!"

"జీతం సరిగా ఇవ్వలేదు."

"జీతానికీ సి.వి.కీ ఏం సంబంధం? ఏం చేస్తా ఉంటివో సెప్పు. లాబ్ అసిస్టెంటు అని పేరు సెప్పొద్దు. పొద్దున పోయినాక చేత్తో ఏం చేస్తా ఉంటివి?"

పోలీసులా అడిగింది. గుజ్జులో తీపి ఎంతుందో చూసేదాన్ని. పులుపు చూసేదాన్ని. నింపిన డబ్బాలను కొన్నాళ్లు వేడి గదిలో పెట్టి ఏది ఉబ్బుతుందో చూసేదాన్ని. "నువ్వు ఉన్నందువల్ల ఏం మారింది?" అని అడిగింది. ఏమీ మారలేదన్నాను. ఊరుకోలేదు. చివరికి చెప్పాను. మొదటి సీజన్లో ఉబ్బిన డబ్బాలు ఎక్కువగా ఒకే మూత మిషన్ నుంచి వస్తున్నాయని నేను కనిపెట్టాను. మిషన్ సరిచేశాక డబ్బాలు ఉబ్బడం బాగా తగ్గింది.

"ఇదీ సి.వి. అంటే," అంది పల్లవి. "బాధ్యతగా పనిచేసితినని ఎవరైనా రాస్తారు. తప్పు యాడ ఉండాదో పట్టుకున్నానని రాసేవాళ్లు ఎంతమంది? సరే, నీ పైన ఎవరు?"

"జయరావు సార్. లాబ్ ఇన్‌ఛార్జ్."

రాశాను కదా. పేరే కదా. ఏమీ కాలేదు.

ఫిబ్రవరి 15

నిన్నటి ఆఖరి లైను చదివాను. రూలు తప్పాను. ఇక జాగ్రత్తగా ఉండాలి.

ఫిబ్రవరి 21

సాయంత్రం హాస్టల్ గేటు దగ్గర పూలామె బుట్ట ముందు నిలబడి ఉండగా ఫోన్ మోగింది. కొత్త నంబరు. కంపెనీ వాళ్లేమోనని ఎత్తాను.

"ఏమ్మా గ్రేసీ. సెప్పకుండా పోతివి. నంబరు మార్చితివి."

పూలామె మూర కొలుస్తోంది. నేను ఆమె మోచేతి వైపు చూస్తూ నిలబడ్డాను.

"మీ నాయన బంగారమట్లాంటి మనిషి. బజార్లో కనిపిస్తే టీ తాగించినాను. పాప ఉద్యోగానికి అవస్థ పడతా ఉండాది సార్ అన్నాడు. అడగంగానే నంబరిచ్చినాడు. నాకు ఒక మాట సెప్పొచ్చు కదమ్మా? గుజ్జు లైన్లో చిత్తూరు నుంచి క్రిష్ణగిరి దాకా నేను తెలవనోళ్లు లేరు. నిన్ను ఎవరు తీసుకోవాలన్నా నాకే ఫోన్ చేస్తారు. నా నంబరు పెట్టుకో. మంచిగా సెప్తా."

అతను ఎప్పుడూ కోపంగా మాట్లాడడు. అది మరిచిపోయాను.

"ఎక్స్‌పీరియన్సు సర్టిఫికెట్ కూడా ఇస్తా. ఆదివారం వస్తే మేలు. లాబ్ ఖాళీగా ఉంటాది."

నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. "సరే సార్" అన్నానేమో.

పూలామె "ఎంత కావాల పాపా?" అని మూడుసార్లు అడిగిందట. నేను పూలు పెట్టుకోను కూడా. మూర కొని రూముకు తెచ్చాను.

ఫిబ్రవరి 22

నాయనకు ఫోన్ చేశాను. ఎవరికీ నంబరు ఇవ్వొద్దన్నాను.

"మీ సారే కదమ్మే. అంత పెద్దమనిషి నాబోటి ఆటో తోలుకునేవాడి భుజం మీద సెయ్యేసి, మీ పాప యాడ ఉండాది, ఎట్ల ఉండాది అని అడిగితే ఇయ్యకుండా ఎట్ల?"

"ఇవ్వొద్దు నాయనా."

ఆటో ఇంజను ఆపాడు. "ఏమన్నా జరిగినాదా?"

"ఏం లేదు."

ఏమీ జరగలేదు. నిజంగా ఏమీ జరగలేదు. అంతకన్నా ముందే బయటికి వచ్చేశాను కదా.

ఫిబ్రవరి 27

మా బంగారుపాళ్యం ఎస్టీడీ కోడ్ 08573తో ఏ ఫోన్ వచ్చినా ఎత్తను. పల్లవి స్నానానికి వెళ్తే గడియ పెడతాను. "లోపల బంగారం దాచినావా?" అంటుంది. నీళ్లు ఇక్కడ కూడా ఉప్పగానే ఉన్నాయి.

మార్చి 2

నాయుడుపేట దగ్గర కొత్తగా పెట్టిన పళ్లరసాల కంపెనీ వాళ్లకు లాబ్‌లో మనుషులు కావాలట. పల్లవి తెచ్చింది ఈ కబురు. ఇద్దరం కూర్చుని సి.వి. మళ్లీ రాశాం. ఒకే పేజీ. పేరు, ఫోను, ఊరు, అంతే. నాయన పోయాడు, మతం పోయింది, ఆశయం పోయింది. పైనే పని. కనిపెట్టిన తప్పు మొదటి లైను. నా గురించి నేనే చదువుకుంటే ఎవరో తెలివైన పిల్ల గురించి చదువుతున్నట్టుంది. ఆ పిల్లకు ఉద్యోగం ఇవ్వాలనిపించింది.

అయితే ఆన్‌లైన్ దరఖాస్తులో సి.వి.తో పాటు నింపాల్సిన గడులున్నాయి. మొదటిది: వదిలేయడానికి కారణం.

అనారోగ్యం అని కొట్టాను. "రోగిష్టిదాన్ని ఎవరు తీసుకుంటారే?" అంది పల్లవి. పై చదువులు అని కొట్టాను. "యాడ చదివినావు?" ఇంటి పరిస్థితులు అని కొట్టాను. "రేపు ఇంకో పరిస్థితి వస్తే వీళ్లనూ వదిలేస్తావు." చివరికి అదే నా చేతిలోంచి లాక్కుని సీజన్ ముగిసింది అని కొట్టింది. నేను మానేసిన జూన్ నడుమ మామిడి సీజన్ ముగియదని దానికి తెలియదు. లారీలు గేటు బయట బారులు తీరి ఉండే రోజులవి. నేను సరిదిద్దలేదు.

రెండోది: మనల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు, నంబర్లు. ఒకటి కాలేజీ యోగానంద సార్‌ది. రెండోది పనిచేసిన చోటిదే కావాలట.

"జయరావు సార్ నంబరు సెప్పు."

"పెద్దమ్మది పెడతాను."

మా పెద్దమ్మ తిరుమలమ్మ అదే ఫ్యాక్టరీలో మేస్త్రీ. కాయ కోసే లైనుకు చుట్టుపక్కల ఊళ్లనుంచి ఆడవాళ్లను పిలుచుకొచ్చి, వాళ్ల చేత పని చేయించేది ఆమే. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆమే. పల్లవి ఎగాదిగా చూసి, పేరు పక్కన లైన్ సూపర్‌వైజర్ అని కొట్టింది. "బంధుత్వం సెప్పుకోబాక. ముందే ఆమెకు ఫోన్ చేసి సెప్పు. అడగకుండా ఎవరి పేరూ పెట్టకూడదు."

చేశాను. అవతల ఆడవాళ్ల కేకలు, చర్చిలో మైకు. "నా గురించి ఎవరైనా ఫోన్ చేస్తే మంచిగా చెప్పు పెద్దమ్మా" అన్నాను. "సెడ్డగా ఎందుకు సెప్తానే, పిచ్చిదానా?" అంది. అంతే. ఫ్యాక్టరీ మాట నేను ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఆ రోజు నుంచి మేమిద్దరం ఆ మాట ఎత్తము.

ఆ రోజు నేను లాబ్‌లోంచి కాయలు కడిగే తొట్ల దాకా పరుగెత్తుకొచ్చాను. నా కాళ్లకు చెప్పులు లేవు. పెద్దమ్మ నా మొహం చూసింది, కాళ్లు చూసింది. తన చెప్పులు విప్పి నా ముందు పెట్టింది. చెయ్యి పట్టుకుని గేటు దాటించి, తిరుపతి బస్సు ఎక్కించింది. ఆమె వట్టి కాళ్లతో ఎండలో వెనక్కి నడిచిపోవడం బస్సు కిటికీలోంచి చూశాను. ఏమైందని అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఇది ఉద్యోగం సంగతి కాదు. కొట్టేయాలి.

మార్చి 11

వచ్చింది! నాయుడుపేట నుంచి. రంగప్రియ గారట, మనుషుల్ని తీసుకునే విభాగం. గొంతు మెత్తగా ఉంది. "మీ సి.వి. బాగుందండీ. ఆ మూత మిషన్ సంగతి చదివి మా ప్రొడక్షన్ ఆయన మిమ్మల్ని పిలవమన్నారు" అంది.

పల్లవి నన్ను ఎత్తి తిప్పింది. నేను నవ్వాను. ఎంత బాగా నవ్వానంటే ఆవిడ చివర్లో అన్న మాట చాలాసేపటికి గానీ గుర్తురాలేదు: "ఇంటర్వ్యూకు ముందు మీరిచ్చిన నంబర్లతో ఒకసారి మాట్లాడతాం."

మార్చి 13

పొద్దున రంగప్రియ గారు మళ్లీ ఫోన్ చేశారు. గొంతులో మెత్తదనం లేదు.

"గ్రేసీ గారూ, తిరుమలమ్మ గారితో మాట్లాడాను. మీరు ఆ ఫ్యాక్టరీలో ఎప్పుడూ పని చేయలేదని చెప్పారండీ. గట్టిగా చెప్పారు. ఇంటర్వ్యూ జాబితా సోమవారం మూసేస్తాం. ఈలోపు లాబ్‌లో మీ పై వాళ్లెవరిదైనా నంబరు ఇవ్వండి. లేకపోతే కష్టం."

వెంటనే పెద్దమ్మకు చేశాను.

"రావే తల్లీ!" అంది. సంబరంగా ఉంది గొంతు. "నేనే సేద్దామనుకుంటా ఉండా. వాళ్లు ఏ ఊరోళ్లు? పిల్లోడు ఏం సేస్తాడు?"

"ఏ పిల్లోడు?"

"నిన్న ఒకామె ఫోన్ సేసినాది. భలే మెత్తగా మాట్లాడినాది. గ్రేసీ మీకు తెలుసా, ఎన్నాళ్లుగా తెలుసు, మనిషి ఎట్లాంటిది, నెమ్మదస్తురాలా, నలుగురిలో కలుస్తాదా అని అడిగినాది. ఒక పిల్ల గురించి ఇట్ల ఫోన్ సేసి అడిగేది ఎవురే? పిల్లోని తల్లి కాకుంటే!"

నేను మంచం మీద కూర్చున్నాను.

"నేను తక్కువ సెప్తినా? మా పిల్ల తలెత్తి ఎవుర్నీ సూడదమ్మా అని సెప్తిని. నలుగురిలోకి పోనే పోదు, నోట్లో మాట ఉండదు అంటిని. ఏదన్నా తప్పు కనిపిస్తే సెప్తాదా అని అడిగినాది. యాడమ్మా, పెద్దోళ్ల తప్పు కండ్ల ముందర కనిపించినా నోరు తెరవదు అంటిని. ఎట్ల ఉండాది?"

ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకు తెలియలేదు. "పెద్దమ్మా, అది ఉద్యోగం."

"ఏంది?"

"ఉద్యోగం వాళ్లు. ఫ్యాక్టరీలో నేను పని చేశానా అని అడిగింది కదా?"

చిన్నగా అంది. "అడిగినాది. గుండె గుభేలుమనె. ఎవడో సంబంధం సెడగొట్టను ముందే సాడీలు మోసినాడు అనుకుంటిని. ఆ గేటు కూడా తొక్కలేదమ్మా మా పిల్ల, నేను బైబిలు పట్టుకుని సెప్తా అంటిని. అయ్యో నా నోరు పడిపోను. పెండ్లికనుకుంటిని కదే నేను!"

"ఫ్యాక్టరీలో పని చేస్తే సంబంధం ఎందుకు చెడుతుంది పెద్దమ్మా? ఊళ్లో సగం మంది ఆడపిల్లలు చేస్తారు కదా."

"నీకు తెలుసు కదా," అంది.

తొమ్మిది నెలల తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ మాట వచ్చింది. తెలుసు కదా. ఆమెకు అన్నీ తెలుసు. నాకేమీ జరగలేదని నాకు నేను చెప్పుకుంటున్నాను. నాకు ఏదో అంటుకుందని, దాన్ని దాచాలని ఆమె అనుకుంటోంది. ఇద్దరం ఒకే గది తలుపుకు అటూ ఇటూ కాపలా కాస్తున్నాం.

మార్చి 14

జయరావు నంబరు ఇచ్చేస్తే సరిపోతుంది.

అతను మంచిగానే చెప్తాడు. చెప్తానన్నాడు. రంగప్రియ గారు మాట్లాడతారు, నేను మాట్లాడనక్కర్లేదు. బంగారుపాళ్యం వెళ్లనక్కర్లేదు. వెళ్లాల్సి వచ్చినా పగలు వెళ్లొచ్చు. పల్లవిని తీసుకెళ్లొచ్చు. పల్లవికి ఏమని చెప్పాలి? ఏమీ చెప్పనక్కర్లేదు. ఊరికే రమ్మంటాను. ఒకసారి మంచిగా చెప్పినందుకు అతను ఇంకేం అడుగుతాడు?

నంబరు టైపు చేసి పెట్టుకున్నాను. పంపలేదు.

మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. ఫ్యాక్టరీ లెటర్‌హెడ్ మీద నా పేరు, రెండు సీజన్లు, మంచి నడవడిక. కింద సంతకం చోటు ఖాళీ. దాని కింద అతని మెసేజు: "రెడీగా ఉంది. నువ్వు రావడమే ఆలస్యం."

మంచి నడవడిక అట.

అన్నం ముట్టలేదు. పల్లవి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జరం లేదే" అంది.

మార్చి 15

రూలు కొట్టేస్తున్నాను.

వేడి గదిలోకి వెళ్లేముందు చెప్పులు బయట విప్పాలి. అది లాబ్ పద్ధతి. తలుపు ఎప్పుడూ మూసే ఉండాలి, లోపలి వేడి పోకూడదు. అదీ పద్ధతే. కాబట్టి బయట ఎవరి చెప్పులున్నాయో చూస్తే లోపల ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది. తలుపు మూసి ఉంటే ఎవరికీ అనుమానం రాదు.

ఆ రోజు బయట నా చెప్పులు మాత్రమే ఉన్నాయి. నేను లోపల డబ్బాల మూతలు కొట్టి వింటున్నాను. జయరావు బూట్లతోనే లోపలికి వచ్చాడు. తలుపుకు గడియ వేసి లైటు తీసేశాడు. కోప్పడలేదు. "భయమెందుకమ్మా" అన్నాడు. చీకట్లో అతని చెయ్యి నా నోటి మీదికి వచ్చింది. రెండో చెయ్యి గురించి రాయను. నా చేతిలో డబ్బా ఉంది. నిండు డబ్బా. దాంతో కొట్టాను. ఎక్కడ తగిలిందో తెలియదు, అతను వంగాడు. గడియ వెదుక్కోవడానికి ఎంతసేపు పట్టిందో! చెప్పులు వేసుకునేందుకు ఆగలేదు.

ఇదీ జరిగింది. ఏమీ జరగలేదని ఇన్నాళ్లూ రాశాను.

చదివి, మళ్లీ చదివి, హాస్టల్ మేడ మీదికి వెళ్లి రంగప్రియ గారికి ఫోన్ చేశాను. ముందు పెద్దమ్మ సంగతి చెప్పాను, పెళ్లివాళ్లనుకుందని. ఆవిడ నవ్వారు. చాలాసేపు నవ్వి, "అందుకేనా, పెండ్లయినాక కూడా మా పిల్ల గడప దాటదని హామీ ఇచ్చారు!" అన్నారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఆవిడ అడిగారు.

"మరి లాబ్ ఇన్‌ఛార్జ్ నంబరు ఎందుకు ఇవ్వలేదండీ? అది ఇచ్చుంటే సరిపోయేది కదా."

ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడ్డాను. ఇంగ్లీషులో చెప్దామనుకున్నాను, ఇంగ్లీషులో అయితే వేరేవాళ్లకు జరిగినట్టుంటుంది. మాట రాలేదు. మా ఇంటి మాటే వచ్చింది.

"ఆయన నన్ను గదిలో పెట్టి గడియేసినాడు మేడమ్. నేను కొట్టి బయటికొచ్చినాను. దరఖాస్తులో సీజన్ ముగిసిందని రాసినాను. ముగియలేదు. కారణం ఇదే."

అవతల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. పెట్టేస్తుందనుకున్నాను. గొడవ మనిషి అనుకుంటుంది. ఇంత చిన్న గుజ్జు లైనులో ఈ మాట సాయంత్రానికి క్రిష్ణగిరి దాకా వెళ్తుంది. ట్యాంకుకు ఆనుకున్నాను.

"సరే," అన్నారావిడ. తర్వాత, "ఆయనకు నేను ఫోన్ చేయను. కానీ మీరు అక్కడ పనిచేశారని ఎవరో ఒకరు చెప్పాలి గ్రేసీ. అది నేను తప్పించలేను. మీ పెద్దమ్మ గారు మళ్లీ మాట్లాడతారా?"

గారు అనలేదు. గ్రేసీ అన్నారు. అది మంచికో చెడుకో తెలియడం లేదు.

పెద్దమ్మకు చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె "ఊ" అని మాత్రం అంది. ఆ గేటును నమ్ముకుని ఆమె వెనక ఎన్ని ఇళ్లున్నాయో నాకు తెలుసు. నిజం చెప్పమని అడగలేకపోయాను. రంగప్రియ గారి నంబరు మాత్రం ఇచ్చాను.

మార్చి 16

ఆదివారం. ఫోన్ లేదు. చర్చి అయిపోయి ఉంటుంది. మధ్యాహ్నం అయింది. ఫోన్ లేదు.

అదే రోజు, సాయంత్రం

పెద్దమ్మ చేసింది.

"మాట్లాడినా. అమ్మా, నేను మొన్న అబద్ధం సెప్పినాను, పెండ్లికనుకుని సెప్పినాను, దేవుడు క్షమించల్ల అంటిని. పిల్ల రెండు సీజన్లు సేసినాది, లాబులో దానంత పని ఎవురికీ రాదు అంటిని. ఎట్ల తెలుసు అనింది. ఆ పొద్దు దాని కాళ్లకు నా సెప్పులు తొడిగినాను కాబట్టి తెలుసు అంటిని."

నా కాళ్ల వైపు చూసుకున్నాను.

"ఇంకోటి విను. నువ్వు మొదటిదానివి కాదే. నీకు ముందర లోకేశ్వరి కూతురు. అప్పుడూ ఇట్లనే సెయ్యి పట్టుకుని గేటు దాటిస్తిని, నోరు మూసుకుంటిని. మూసుకుంటే పిల్లకు మంచిదనుకుంటిని." ముక్కు చీదింది. "పొద్దున చర్చి కాడ ఆడోళ్లను కూచోబెట్టి సెప్పినా. వచ్చే సీజన్‌కు ఆ గేటుకు మనిషిని తోలుకుపోను. రోడ్డుకు అవతల ఇంకో ఫ్యాక్టరీ ఉండాది. సగం మంది సరే అనినారు. సగం మంది, నీకేమే, మాకు కూలి ఎవురిస్తారు అనినారు. సూస్తాం. వాళ్ల కాయ వాళ్లే కోసుకోనీ."

మార్చి 17

జాబితాలో నా పేరు ఉంది. రేపే.

మార్చి 18

ముగ్గురు కూర్చున్నారు. సి.వి. అందరి ముందూ ఉంది. మూత మిషన్ లైను కింద ఎవరో పెన్సిల్‌తో గీత గీశారు. దాని గురించే అడిగారు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆ తెలివైన పిల్ల మాట్లాడుతున్నట్టుంది. కొద్దికొద్దిగా ఆ పిల్ల నేనే అనిపించింది.

తర్వాత రామచంద్ర గారు, ప్రొడక్షన్ ఆయన, "రామ్మా, లోపల కొన్ని డబ్బాలుండాయి, ఏది మంచిదో ఏది కాదో సెప్పు" అని లేచారు. వసారా చివర తెల్ల తలుపు. తలుపు ముందు చెప్పుల స్టాండు. చూడగానే తెలిసింది.

"సెప్పులు ఈడ ఇప్పల్ల" అన్నారు.

విప్పలేకపోయాను. వంగాను గానీ వేళ్లు బకిల్ దగ్గర ఆగిపోయాయి. ఆయన తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డారు. లోపలి వేడి మొహానికి తగిలింది. అదే వాసన.

"తలుపు తీసి ఉంచొచ్చా సార్?" అన్నాను.

"వేడి పోతాదమ్మా. మూయాల్సిందే."

తెలుసు. పద్ధతి నాకు తెలుసు. ఇంత దూరం వచ్చి, ఇక్కడ వెనక్కి తిరుగుతున్నాను అనుకున్నాను. బస్సు గుర్తొచ్చింది.

వెనకనుంచి రంగప్రియ గారు వచ్చారు. తన చెప్పులు విప్పి స్టాండు మీద పెట్టారు. "నేనూ ఎప్పుడూ చూడలేదు, వస్తాను" అన్నారు. అబద్ధం అయి ఉంటుంది. నా బకిల్ ఊడింది. ఆవిడ చెప్పుల పక్కన నా చెప్పులు పెట్టాను.

తలుపు మూసుకున్నప్పుడు నా చెవుల్లో హోరు. మొదటి డబ్బా మూత మీద వేలితో కొట్టాను, ఏమీ వినిపించలేదు. మళ్లీ కొట్టాను. మళ్లీ. నాలుగో దానికో ఐదో దానికో చప్పుడు వినిపించడం మొదలైంది. బోలుగా మోగింది.

"ఇది పోయింది సార్," అన్నాను.

మార్చి 20

వారం పది రోజుల్లో చెప్తారట. పల్లవి ఇంకో నాలుగు చోట్లకు సి.వి. పంపించింది. వదిలేయడానికి కారణం అనే గడిలో "పనిచేసే చోట భద్రత లేకపోవడం" అని కొట్టాను. అది చదివి నా మొహం చూసింది. ఆ తర్వాత దానికీ చెప్పాను. గడియ గురించి ఇక ఏమీ అనడం లేదు. అదే లేచి వేస్తోంది.

జయరావు నంబరు ఇవాళ రెండుసార్లు మోగింది. ఎత్తలేదు. ఆ ఫోటో, మెసేజు తీసేయకుండా దాచాను. నాయనకు ఇంకా చెప్పలేదు. వచ్చే ఆదివారం వెళ్లి ఎదురుగా చెప్పాలి. అది తలుచుకుంటే ఇంటర్వ్యూ కన్నా భయంగా ఉంది.

సాయంత్రం పెద్దమ్మ చేసింది.

"ఏమే, ముందే అడుగుతా ఉండా. ఇంకోసారి ఎవురన్నా ఫోన్ సేసి నీ గురించి అడిగితే ఏం సెప్పల్ల? ఉద్యోగానికైతే ఏమని, పెండ్లికైతే ఏమని? రెండూ సరిగ్గా సెప్పు, మళ్లీ తప్పు సెప్తానేమో."

"రెండింటికీ ఒకటే పెద్దమ్మా."

"ఏమని?"

"ఫ్యాక్టరీలో పని చేసినాది, పని బాగా వచ్చునని."

"అట్లనా," అంది. ఆలోచించింది. గొంతు తగ్గించి, పక్కన ఎవరో ఉన్నట్టు అడిగింది: "డబ్బా తీసి కొట్టింది కూడా సెప్పల్లనా?"

"అదీ చెప్పు."